మొదటి వెబ్‌సైట్: ఖర్చు తక్కువ, సందేహాలు ఎక్కువ

చిన్న వ్యాపారానికి సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకోవడం గురించి అడగమన్నాం, మీరు బాగానే అడిగారు. ఒకే సందేహాన్ని నాలుగు రకాలుగా రాసినవాటిని కలిపేశాను. సగం మంది అడిగింది ‘ఎంతవుతుంది’ అనే. రేట్లు కంపెనీకో రకంగా, ఆఫర్‌ను బట్టి నెలకో రకంగా ఉంటాయి కాబట్టి అంకెలు ఇవ్వను. దేనికి కట్టాలి, దేనికి కట్టక్కర్లేదు అన్నది మాత్రం చెప్తాను, అసలు డబ్బు వృథా అయ్యేది అక్కడే.

ప్రశ్న: డొమైన్ అంటారు, హోస్టింగ్ అంటారు, ఎస్‌ఎస్‌ఎల్ అంటారు. ఎవరిని అడిగినా ఇల్లు, స్థలం, అడ్రసు అంటూ పోలికలు చెప్తున్నారు, విన్నకొద్దీ ఇంకా గందరగోళంగా ఉంది. దేనికి డబ్బు కట్టాలో సూటిగా చెప్పండి సార్.
– ట్యూషన్లు చెప్పే ఒక టీచర్

జవాబు: సరే, పోలికలు వద్దు. డొమైన్ అంటే బ్రౌజర్‌లో టైప్ చేసే పేరు, చివర డాట్ కామ్ లాంటిది ఉంటుందే, అది. కొనడం అని అంటాం గానీ నిజానికి కొన్నేళ్లకు మన పేరు మీద రిజిస్టర్ చేసుకోవడమే, డాట్ కామ్ అయితే ఒకేసారి ఎక్కువలో ఎక్కువ 10 ఏళ్లకు. ఇచ్చేవాళ్లను రిజిస్ట్రార్లు అంటారు, వాళ్లందరికీ నియమాలు పెట్టే సంస్థ ఐకాన్. హోస్టింగ్ అంటే మీ పేజీలు, ఫొటోలు ఉండే కంప్యూటర్‌కు కట్టే అద్దె. ఫలానా పేరు అడిగితే ఫలానా కంప్యూటర్ దగ్గరికి పంపు అని చెప్పేవి డీఎన్‌ఎస్ రికార్డులు, వాటిని రిజిస్ట్రార్ అకౌంట్‌లోనే మార్చుకోవచ్చు. ఎస్‌ఎస్‌ఎల్ అంటే మీ సైట్‌కూ చూసేవాళ్ల ఫోన్‌కూ మధ్య వెళ్లే సమాచారాన్ని మధ్యలో ఎవరూ చదవకుండా చేసే సర్టిఫికెట్. అది లేకపోతే క్రోమ్ 2018 జులై నుంచి ‘నాట్ సెక్యూర్’ అని అడ్రసు పక్కనే చూపిస్తోంది, వచ్చినవాళ్లు అది చూసి వెనక్కి పోతారు.

డబ్బు సంగతి. డొమైన్‌కు కట్టాల్సిందే, ఇందులో కక్కుర్తి వద్దు. హోస్టింగ్‌కు కట్టాలా వద్దా అన్నది మీరు సైట్ దేంతో చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది, కింద ఇంకో ఉత్తరంలో చెప్పాను. ఎస్‌ఎస్‌ఎల్‌కు మాత్రం మీలాంటి సైట్‌కు పైసా అక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 నుంచి ఉచితంగానే ఇస్తోంది, మంచి హోస్టింగ్ కంపెనీలు దాన్ని మనం అడగకుండానే పెట్టి గడువు దాటకముందే తిరిగి తెచ్చుకునే ఏర్పాటు కూడా చేస్తాయి. ఎస్‌ఎస్‌ఎల్‌కు విడిగా బిల్లు వేసే హోస్టింగ్ కనిపిస్తే ఇంకో చోట చూసుకోండి.

అసలు కన్నం పడేది డబ్బు కట్టే పేజీలో. మీరు డొమైన్ ఒక్కటే తీసుకున్నా కార్టులో సైట్ సెక్యూరిటీ, ఎస్‌ఈఓ (గూగుల్‌లో పైకి తెస్తామనే) ప్యాకేజీ, ప్రీమియం డీఎన్‌ఎస్ అంటూ ఏవేవో చేరి ఉండొచ్చు, కొన్నిసార్లు వాటికి టిక్కు ముందే పెట్టి ఉంటుంది. అన్నీ తీసేయండి. మీ పేరు, ఫోన్ నంబరు బయటి వాళ్లకు కనిపించకుండా దాచే ప్రైవసీ ఒక్కటి ఉంచుకోవచ్చు, చాలా చోట్ల అదీ ఉచితమే. ఇంకో మాట, మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకండి. పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆఫర్ రేటు, రెన్యువల్ రేటు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండూ చూసి పోల్చుకోండి. హోస్టింగ్‌తో డొమైన్ ఫ్రీ అన్నా రెండో ఏడాది నుంచి దాని డబ్బు కట్టాల్సిందే.

కొన్నాక ఈమెయిల్ సరిచూసుకోమని ఒక లింకు వస్తుంది. పట్టించుకోకపోతే 15 రోజుల తర్వాత డొమైన్ పనిచేయకుండా ఆపేయవచ్చు. స్పామ్ ఫోల్డర్‌లో కూడా వెతికి, అది నిజంగా మీ రిజిస్ట్రార్ నుంచే వచ్చిందని చూసుకుని నొక్కండి.

ప్రశ్న: తెలిసిన కుర్రాడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు, కొన్నేళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు ఏదో ఉద్యోగంలో చేరాడు, ఫోన్ ఎత్తడు, ఎత్తితే ‘చూస్తానంకుల్’ అంటాడు. సైట్‌లో ఇంకా నా పాత ఫోన్ నంబరే ఉంది, మార్చలేకపోతున్నా. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో కూడా తెలియదు. కొత్తది చేయించుకోవడం తప్ప దారి లేదా?
– పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: దారి ఉంది, మీ సమస్య మీ ఒక్కరిదే కూడా కాదు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఈ బాపతువి చాలానే ఉన్నాయి. చాలామంది మోసం చేయాలని అలా చేయరు, మీ దగ్గర కార్డు లేక తన కార్డుతో కట్టి ఉంటాడు, ఓటీపీల కోసం మిమ్మల్ని మాటిమాటికీ అడగలేక తన నంబరే ఇచ్చి ఉంటాడు, దాంతో అది అతని ఆస్తి అయి కూర్చుంది.

ముందు మీ పాత మెయిళ్లలో మీ డొమైన్ పేరు కొట్టి వెతకండి. ఎప్పుడో రిజిస్ట్రార్ నుంచి వచ్చిన బిల్లో, రెన్యువల్ గుర్తు చేసే మెయిలో దొరికితే మీ పంట పండినట్టే, అకౌంట్ మీ మెయిల్ మీదే ఉండొచ్చు. ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కితే అయిపోవచ్చు. దొరక్కపోతే లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్ అనే పేజీలో మీ డొమైన్ కొట్టి చూడండి. సొంతదారు పేరు దాదాపుగా కనిపించదు, దానికి కంగారు పడొద్దు. మీకు కావాల్సింది రెండే ముక్కలు, రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఎప్పటిదాకా. అక్కడే ‘క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్’ అని ఉంటుంది, ఎవరో మీ మీద నిషేధం పెట్టారని కాదు, దొంగతనంగా మార్చుకుపోకుండా మామూలుగా వేసే తాళం అది, అకౌంట్ ఉన్నవాళ్లు తీయగలరు.

ఇప్పుడు అదే రిజిస్ట్రార్ దగ్గర మీ మెయిల్‌తో ఒక అకౌంట్ తెరిచి, అప్పుడు ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టండి. ‘నా సైట్ నాకిచ్చేయ్’ అని కాదు, దాంతో పని పెరుగుతుందనుకుని ఇంకా తప్పించుకుంటాడు. ఇలా పెట్టండి: ‘బాబూ, నేను అదే కంపెనీలో ఈ మెయిల్‌తో అకౌంట్ తెరిచాను. డొమైన్‌ను ఈ అకౌంట్‌లోకి మార్చెయ్. హోస్టింగ్ లాగిన్ కూడా పంపు, రెన్యువల్‌కు నువ్వు కట్టిన డబ్బు ఏదైనా ఉంటే చెప్పు, వెంటనే పంపేస్తా.’ ఒకే రిజిస్ట్రార్ లోపల ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు మార్చడం కొద్ది నిమిషాల పని. చేయాల్సిన పని అంత చిన్నగా కనిపిస్తే చాలామంది చేసేస్తారు. ఇంకో రిజిస్ట్రార్‌కు మార్చాలంటే తాళం తీసి, ఆథ్ కోడ్ అనే రహస్య కోడ్ ఇవ్వాలి, పూర్తవడానికి కొన్ని రోజులు పడుతుంది. పైగా కొత్తగా రిజిస్టర్ చేసినా, ఈ మధ్యే ఒకసారి మార్చినా సాధారణంగా 60 రోజులు ఆగాలి.

అతను ససేమిరా అంటే ‘గడువు అయిపోగానే నేనే కొనేసుకుంటా’ అని ఎదురుచూడకండి. డాట్ కామ్ గడువు దాటిన రోజే ఖాళీ అవదు, 45 రోజుల వరకు రిజిస్ట్రార్ దగ్గరే ఉండొచ్చు, తొలగించాక ఇంకో 30 రోజులు పాత సొంతదారే అదనపు రుసుము కట్టి వెనక్కి తీసుకోవచ్చు, ఆ తర్వాత 5 రోజులకు గానీ బయటికి రాదు. వచ్చిన క్షణంలోనే ఎగరేసుకుపోయేందుకు ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి, కొన్ని అయితే మధ్యలోనే వేలానికి పోతాయి. కొన్నేళ్లు వాడిన పేరు కాబట్టి వదులుకోవడం కష్టమే గానీ, నెల రోజులు ప్రయత్నించి తేలకపోతే దగ్గరగా ఉండే ఇంకో పేరు తీసుకోండి. పాత సైట్‌లోని రాతలు, ఫొటోలు ఇప్పుడే కాపీ చేసి పెట్టుకోండి. సైట్ ఆగిపోయినా ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీలు దొరకొచ్చు.

ఈసారి మాత్రం అకౌంట్ మీ మెయిల్‌తో, మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో, మీ కార్డుతో ఉండాలి. చేసిపెట్టేవాళ్లకు పని వరకు వేరే లాగిన్ ఇవ్వొచ్చు, పని అయ్యాక తీసేయొచ్చు. హోస్టింగ్ పోతే ఇంకోటి దొరుకుతుంది, డిజైన్ పోతే ఇంకోటి చేయించుకోవచ్చు. పేరు చేజారితే కార్డుల మీద, బోర్డు మీద, పాత కస్టమర్ల ఫోన్లలో ఉన్న అడ్రసు అంతా ఒకేసారి పోతుంది. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు, రిజిస్ట్రార్ అకౌంట్‌కు ఆ డొమైన్ మీదే నడిచే ఈమెయిల్ ఇవ్వకండి. ఏ కారణం వల్లనైనా డొమైన్ ఆగితే ఆ మెయిల్ కూడా ఆగుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు దానికే వెళ్తుంది, ఇక గోల చూడండి.

ప్రశ్న: వర్డ్‌ప్రెస్ నేర్చుకోమని ఒకరు, విక్స్ చాలని ఇంకొకరు, ఏఐని అడిగితే ఐదు నిమిషాల్లో అయిపోతుందని మా అబ్బాయి. నాకు టెక్నికల్ సంగతులు ఏమీ తెలియవు. ఏది మంచిది మేడమ్ లేక సార్, మీరెవరో తెలియదు, క్షమించండి.
– డ్యాన్స్ క్లాసులు నడిపే పాఠకురాలు

జవాబు: ఎలా పిలిచినా పర్లేదమ్మా. ఏది మంచిదన్న దానికంటే, తయారయ్యాక దాన్ని మార్చేది ఎవరు అన్నది అడగాలి. మీకు క్లాసు టైములు మారుతుంటాయి, సెలవులు వస్తాయి, కొత్త బ్యాచ్ మొదలవుతుంది. ప్రతిసారీ మీ అబ్బాయికి తీరిక ఎప్పుడా అని చూస్తూ కూర్చునే సైట్ అయితే రెండు నెలల్లో పాతబడిపోతుంది. మీరే, మీ చేత్తో, ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో మార్చగలిగేది మంచిది.

మీ మాటలు చూస్తే గూగుల్ సైట్స్‌తో మొదలుపెట్టమంటాను. ఉచితం, హోస్టింగ్ విడిగా అక్కర్లేదు, మీ డొమైన్‌ను దానికి తగిలించుకోవచ్చు, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. అందం అంతంతమాత్రమే, అది ఒప్పుకోవాలి. ఇంకాస్త అందంగా కావాలంటే విక్స్ లాంటి వెబ్‌సైట్ బిల్డర్లు. వాటి ఫ్రీ ప్లాన్‌లో వాళ్ల ప్రకటన కనిపిస్తుంది, అడ్రసులో వాళ్ల పేరు ఉంటుంది, సొంత డొమైన్ తగిలించాలంటే డబ్బు కట్టాలి. పైగా రేపు బయటికి రావాలనుకుంటే అక్కడ చేసిన డిజైన్‌ను మూటగట్టుకుని వేరేచోటికి తీసుకుపోవడం కుదరదు, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. ఏది కావాలన్నా చేయొచ్చు, ఎప్పుడైనా మొత్తం తీసుకుని ఇంకో హోస్టింగ్‌కు వెళ్లిపోవచ్చు, నాకు నచ్చేది కూడా అదే. కానీ ఉచితం అన్నది సాఫ్ట్‌వేర్ వరకే, హోస్టింగ్‌కు కట్టాలి, అప్‌డేట్లు, బ్యాకప్‌లు మీరే చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ ఒకటి కాదు. మొదటిది హోస్టింగ్‌తో కలిపి అమ్మే కంపెనీ, రెండోది సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికే చోటు. డబ్బుపెట్టి కొనాల్సిన థీమ్‌ను (సైట్ రూపాన్నిచ్చే రెడీమేడ్ డిజైన్‌ను) ఎవరైనా ‘క్రాక్ చేసింది ఉంది, ఊరికే ఇస్తా’ అంటే వద్దనండి. అలాంటి వాటిలో వైరస్ కోడ్ దూర్చి పెట్టడం మామూలే, తర్వాత మీ సైట్ తెరిచినవాళ్లు ఏ జూదం సైట్‌లోనో తేలతారు.

మీ అబ్బాయి చెప్పిందీ తప్పు కాదు. ఒక్క పేజీ సైట్ అయితే ఏఐ నిజంగానే నిమిషాల్లో రాసిస్తుంది, ఆ ఫైలును క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై లాంటి చోట్ల ఉచితంగానే పెట్టొచ్చు. గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే గానీ ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి వాడొద్దని వాళ్ల నియమాల్లోనే ఉంది. ఒక్క జాగ్రత్త, ఏఐ మీరు అడక్కపోయినా ‘వెయ్యి మందికి పైగా సంతృప్తి చెందిన విద్యార్థులు’ అనీ, ఎవరో లేని తల్లిదండ్రులు మిమ్మల్ని పొగిడినట్టూ రాసిపెడుతుంది. అవన్నీ వెతికి పీకేయండి, కస్టమర్‌కు అబద్ధం చెప్పింది ఏఐ కాదు మీరే అవుతారు.

దేంతో మొదలుపెట్టినా సొంత డొమైన్ మీదే మొదలుపెట్టండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. గూగుల్ ఒకప్పుడు బిజినెస్ ప్రొఫైల్ (సెర్చ్‌లో, మ్యాప్‌లో వ్యాపారం వివరాలు చూపించేది) ఉన్నవాళ్లకు ఉచితంగా చిన్న వెబ్‌సైట్ ఇచ్చేది, అడ్రసు చివర బిజినెస్ డాట్ సైట్ అని ఉండేది. 2024 మార్చిలో ఆ సైట్లన్నీ ఆపేసింది. ఆ అడ్రసు కొట్టినవాళ్లను కొన్నాళ్లు ప్రొఫైల్‌కు పంపి జూన్‌లో అదీ ఆపేసింది. సొంత డొమైన్ తగిలించుకున్నవాళ్లు దాన్ని కొత్త సైట్‌కు తిప్పుకుంటే సరిపోయింది. లేనివాళ్లు కార్డులు మళ్లీ అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న: మొదటి పేజీలో పెట్టడానికి ఇది రాశాను, బాగుందో లేదో చెప్పండి. ‘మా వెబ్‌సైట్‌కు విచ్చేసిన మీకు హృదయపూర్వక స్వాగతం. అపార అనుభవంతో, అత్యుత్తమ నాణ్యతతో, కస్టమర్ల సంతృప్తే ధ్యేయంగా సేవలందిస్తున్న విశ్వసనీయ సంస్థ మాది.’
– కుట్టు మిషన్లు రిపేరు చేసే పాఠకుడు

జవాబు: మీరు కింద సంతకం పెట్టకపోతే మీరు కుట్టు మిషన్లు బాగుచేస్తారని నాకు తెలిసేదే కాదు! ఆ రెండు వాక్యాలనూ కళ్లజోళ్ల షాపువాళ్లు పెట్టుకున్నా సరిపోతాయి, ఆస్పత్రివాళ్లు పెట్టుకున్నా సరిపోతాయి. మీ సైట్‌కు వచ్చే మనిషిని తలుచుకోండి. పండుగ ముందు కుట్టాల్సిన బట్టలు కుప్పగా ఉన్నాయి, మిషన్ మొరాయించింది, చేతిలో ఫోన్ ఉంది. ఆ మనిషికి స్వాగతం అక్కర్లేదు. నా మిషన్ నువ్వు చేస్తావా, ఎన్నాళ్లకు ఇస్తావు, ఎంత తీసుకుంటావు, నంబరు ఏది, అంతే.

ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి: ‘కుట్టు మిషన్ రిపేరు. కాలితో తొక్కేవి, మోటారువి, జిగ్‌జాగ్, ఓవర్‌లాక్ అన్నీ చేస్తాం. దారం ఊరికే తెగిపోతోందా, కుట్టు వదిలేస్తోందా, మిషన్ బిగుసుకుపోయిందా? మామూలుగా తెచ్చిన రోజే చేసిస్తాం. పార్టు తెప్పించాల్సి వస్తే ముందు ఫోన్ చేసి ఖర్చు చెప్తాం, మీరు సరే అన్నాకే పని మొదలు.’ దాని కిందే ఫోన్ బటన్, వాట్సాప్ బటన్.

ఇందులో తెచ్చిన రోజే అన్నది నేను ఊహించి రాసింది, నిజంగా రెండు రోజులు పడితే రెండు రోజులనే రాయండి. ‘కుట్టు వదిలేస్తోంది’ అని కావాలనే పెట్టాను, ఎందుకంటే జనం గూగుల్‌లో కొట్టేది అలాగే, ‘అత్యుత్తమ నాణ్యత’ అని ఎవరూ కొట్టరు. మీ దగ్గరికి వచ్చినవాళ్లు మిషన్ కింద పెట్టగానే మొదట అనే మాట ఏమిటో వారం పాటు ఒక కాగితం మీద రాసుకోండి, మీ సైట్‌కు అంతకన్నా మంచి సరుకు ఏ కంటెంట్ రైటర్ ఇవ్వలేడు.

ఫోన్ నంబరును బొమ్మలో కలిపి పెట్టకండి, అక్షరాలుగా పెట్టి నొక్కగానే కాల్ వెళ్లేలా లింకు ఇవ్వండి. వాట్సాప్ లింకులో నంబరుకు ముందు దేశం కోడ్ ఉండాలి, ప్లస్ గుర్తు గానీ మొదట్లో సున్నాలు గానీ ఉండకూడదు, లింకు పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం అదే. ఫొటోలు మీ పని బల్లవే పెట్టండి, విప్పిన మిషన్ పక్కన మీ చేతులు కనిపిస్తే చాలు. ఎవరో నవ్వుతూ చేతులు కట్టుకుని నిలబడ్డ స్టాక్ ఫొటో పెడితే కొన్నదని ఎవరైనా పసిగట్టేస్తారు. గూగుల్‌లో కనిపించిన బొమ్మను ఊరికే తీసుకుని వాడటం అసలే వద్దు, దానికి హక్కుదారులు ఉంటారు.

ప్రశ్న: ఎన్ని పేజీలు ఉండాలి?
– ఒక పాఠకుడు

జవాబు: చెప్పడానికి ఎన్ని విషయాలుంటే అన్ని. మొదట్లో చాలామందికి ఒకటి చాలు. ‘త్వరలో’ అని రాసి ఉన్న ఖాళీ పేజీలు మాత్రం వద్దు.

ప్రశ్న: సైట్ పెట్టి నెల దాటింది, గూగుల్‌లో నా వ్యాపారం పేరు కొట్టినా రావడం లేదు. ఈలోగా ఒక కంపెనీవాళ్లు ఫోన్ చేసి 30 రోజుల్లో మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా?
– సైట్ వర్డ్‌ప్రెస్‌లో చేసుకున్న పాఠకురాలు

జవాబు: కట్టొద్దు. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన పేజీల్లో రాసిపెట్టింది. ఎవరూ కొట్టని ఏదో పొడవాటి మాటకు మొదట చూపించి, ఇదిగో గ్యారంటీ తీర్చాం అనేవాళ్లు కూడా ఉన్నారు.

మీ సమస్యకు నా మొదటి అనుమానం ఒక్క టిక్కు మీద. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి రీడింగ్ తెరవండి, కింద సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను చూడొద్దని చెప్పే ఒక గడి ఉంటుంది. సైట్ తయారయ్యేదాకా బయటికి కనిపించకూడదని దాన్ని టిక్కు చేస్తారు, తర్వాత తీయడం మర్చిపోతారు. తీసేసి సేవ్ చేయండి. తర్వాత గూగుల్ సెర్చ్‌లో ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ కొట్టి చూడండి. ఏమీ రాకపోతే గూగుల్ మీ సైట్‌ను ఇంకా తన జాబితాలోకి ఎక్కించుకోలేదని దాదాపు ఖాయం. ఎక్కించుకుని కూడా పేరు కొడితే రావడం లేదంటే, అదే పేరుతో మీకంటే పెద్దవాళ్లు ఉన్నారని, అది వేరే కథ.

గూగుల్‌కు మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత టూల్ ఉంది. అందులో సైట్ మీదేనని నిరూపించుకోవాలి, వాళ్లిచ్చే ఒక టెక్స్ట్ రికార్డును డొమైన్ డీఎన్‌ఎస్‌లో అతికిస్తే చాలు (చూశారా, డొమైన్ లాగిన్ మీ దగ్గర లేకపోతే ఇక్కడా ఆగిపోతారు). తర్వాత సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా ఉన్న ఫైలు) ఇచ్చి, మొదటి పేజీని చూడమని అడగండి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు, రోజూ అడిగితే తొందరగా రాదు. కస్టమర్లు మీ దగ్గరికి వచ్చే వ్యాపారమో, మీరే వాళ్ల దగ్గరికి వెళ్లే వ్యాపారమో అయితే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టుకోండి, అదీ ఉచితం, మ్యాప్‌లో కనిపిస్తారు. నిజం చెప్పాలంటే దగ్గర్లోని కస్టమర్లు సైట్ కంటే ముందు దాన్నే చూస్తారు. పేరు, నంబరు, టైములు రెండు చోట్లా ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

ప్రశ్న: సైట్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. హోస్టింగ్‌వాళ్లు పెద్ద ప్లాన్ తీసుకోమంటున్నారు.
– ఫర్నిచర్ చేసే పాఠకుడు

జవాబు: ప్లాన్ మార్చే ముందు ఫొటోలు చూడండి. మీరు పంపిన వివరాల ప్రకారం గ్యాలరీలో 24 ఫొటోలు, అన్నీ ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించారు. ఫోన్ ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే ఆ ఒక్క పేజీ దాదాపు 100 ఎంబీ. సిగ్నల్ సరిగా లేని చోట దాన్ని ఏ ప్లానూ కాపాడలేదు. ఫొటో 4,000 పిక్సెల్‌ల వెడల్పుతో వస్తుంది, పేజీలో 1,600 చాలు. స్క్వూష్ అనే ఉచిత టూల్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అందులో వెడల్పు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే మామూలుగా 200 కేబీ అటూఇటూగా వస్తుంది, చెక్క మీది గీతలు కూడా చక్కగానే కనిపిస్తాయి. అయ్యాక గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో సైట్ అడ్రసు ఇచ్చి మొబైల్ ట్యాబ్ చూడండి. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే గూగుల్ లెక్కలో అది బాగున్నట్టే. నూటికి నూరు మార్కుల కోసం టెన్షన్ పడక్కర్లేదు. ఇంతా చేసి అప్పటికీ నత్తనడకే అయితే, అప్పుడు హోస్టింగ్‌వాళ్లను అడుగుదాం.

ప్రశ్న: కాంటాక్ట్ ఫామ్ నింపినా నాకు మెయిల్ రావడం లేదు. ఎంతమంది కస్టమర్లు పోయారో.
– సైట్ కొత్తగా పెట్టిన పాఠకుడు

జవాబు: ముందు స్పామ్ ఫోల్డర్ చూడండి, కొందరు అక్కడే దొరకొచ్చు. హోస్టింగ్ సర్వర్ నేరుగా పంపే మెయిల్‌ను జీమెయిల్ లాంటివి నమ్మవు, ఆ పేరుతో పంపే హక్కు ఆ సర్వర్‌కు ఉందో లేదో వాటికి తెలియదు. ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ అనే చిన్న అదనపు సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక అసలైన మెయిల్ అకౌంట్ ద్వారా వెళ్లేలా చేయండి, ఆ హక్కు ఉందని చెప్పే ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ రికార్డులు డీఎన్‌ఎస్‌లో మీ మెయిల్ కంపెనీ చెప్పినట్టు అతికించండి. ఇదంతా తలనొప్పి అనిపిస్తే ఫామ్ తీసేసి ఫోన్, వాట్సాప్, మెయిల్ అడ్రసు పెట్టండి. పనిచేయని ఫామ్ కంటే అసలు ఫామ్ లేకపోవడమే మేలు, నింపినవాళ్లు మీరు జవాబివ్వలేదనే అనుకుంటారు.

ప్రశ్న: మా కరపత్రంలోని తెలుగు మ్యాటర్‌ను సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. డీటీపీ చేసినవాళ్ల దగ్గర బాగానే కనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: వాళ్లు అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో టైప్ చేసి ఉంటారు. అందులో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ గుర్తులకు తెలుగు బొమ్మలు తొడిగారు, ఆ ఫాంట్ లేని చోట అసలు రూపం బయటపడుతుంది. సైట్‌లో ఉండాల్సింది యూనికోడ్ తెలుగు, అంటే ఫాంట్ మారినా తెలుగు అక్షరాలుగానే ఉండేది. మార్చిపెట్టే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, మార్చాక వత్తులు ఒకసారి కళ్లతో చదివి సరిచూసుకోండి. ఒకే పేజీ అయితే ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో మళ్లీ కొట్టుకోవడమే తొందరగా అవుతుంది. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు లాంటిది ఉచితంగా దొరుకుతుంది. మ్యాటర్‌ను ఫొటో తీసి పెట్టే ఆలోచన మానుకోండి, అలా చేస్తే గూగుల్‌లో వెతికేవాళ్లకు ఆ మాటలతో మీ పేజీ దొరకడం కష్టం, చిన్న ఫోన్‌లో చదవడమూ కష్టమే.

ప్రశ్న: సైట్ ఇప్పటిదాకా ఎంతమంది చూశారో చూపించే కౌంటర్ పేజీలో పెట్టమంటారా?
– ఇంకో పాఠకుడు

జవాబు: వద్దు. మీ వరకు చూసుకోవాలంటే గూగుల్ అనలిటిక్స్ ఉంది. పేజీలో పెడితే ‘37’ అని మీ కస్టమర్‌కు కూడా కనిపిస్తుంది, అందులో సగం మీరు తెరిచి చూసుకున్నవే.